అల్లిక ఆగిన చోటు

టిక్, టిక్, టిక్.

సగం మూసిన తలుపు వెనకనుంచి అల్లిక సూదుల చప్పుడు. అమ్మ ఎక్కడ కూర్చున్నా చేతులు ఊరుకోవు.

తలుపు వెయ్యమని డాక్టరు చెప్పింది. వేస్తానంటూనే అమ్మ మరచిపోయింది.

బయట కుర్చీలో కూతురు థోరా. కెనడాలో గిమ్లీ ఊరి నుంచి విన్నిపెగ్ నగరం దాకా మంచు దారిలో కారు నడిపి వచ్చింది. నలభై ఏళ్లకు దగ్గరవుతున్న ఆమెకు తేలవలసింది ఒక్కటే. తన మతిమరుపు, నిలకడలేనితనం పుట్టుకతో వచ్చిన ఏకాగ్రత లోపమా? లేక బడిలో, ఇంట్లో అందరూ అన్నట్టు నిర్లక్ష్యమా? ఆ లోపం బాల్యంలోనే కనబడి ఉండాలట. అందుకే బాల్యం ఎరిగిన మనిషిని వెంట తెమ్మన్నారు.

దారిలో అమ్మ దగ్గర మాట తీసుకుంది.

"తమ్ముడు ఎయినార్ కాలి సంగతి మాత్రం ఎత్తకమ్మా."

"ఎత్తనే తల్లీ. నా నోట రాదు. ఇంతకీ నా చేతి తొడుగులేవే?"

"కోటుకే దారంతో కట్టుకుని, ఎక్కడని వెతుకుతావేమిటి!"

"నీకూ కట్టానుగా చిన్నప్పుడు. నువ్వు కోటుతో సహా పారేసుకొచ్చావు!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇప్పుడు లోపల డాక్టరు గొంతు. "ముందు మీ పేరు చెప్పండి."

"థోరా వాళ్లమ్మ అని రాసుకోండి. నా పేరు నాకే గుర్తుండదు."

"సరే. థోరా ఎలాంటి పిల్ల?"

"బంగారం. బుర్ర మాత్రం తెగిన గాలిపటం. బడికి రెండు కాళ్లకూ రెండు రకాల బూట్లు వేసుకుపోయేది. పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గర నిలబడేదట."

టిక్, టిక్. బయట థోరా పెదవులపై నవ్వు.

"మరవకూడనిదేదైనా మరచిన సందర్భముందా?"

సూదులు ఒక్క క్షణం తడబడ్డాయి.

"ఉంది."

థోరా నవ్వు ఆరిపోయింది. వద్దమ్మా, అనుకుంది. మాటిచ్చావు.

"నా కొడుకు ఎయినార్‌కు అప్పుడు ఆరేళ్లు. గడ్డకట్టిన సరస్సు మీద స్కేటింగుకు వెళ్లాడు. వాణ్ణి తీసుకురమ్మని అక్కకు చెప్పాను. అది మరచిపోయింది. మంచుగాలి లేచింది. వాడు దొరికేసరికి కుడికాలి వేళ్లు చలికి గడ్డకట్టి నల్లబడిపోయాయి. తీసేశారు."

థోరా కళ్లు మూసుకుంది. ఆ రోజు అమ్మ తనకు చెప్పినట్టు ఆమెకు గుర్తేలేదు. ఇన్నేళ్లూ ఆ గుర్తులేకపోవడమే ఆమె నేరానికి సాక్ష్యం. ప్రతి పుట్టినరోజుకూ తమ్ముడికి కొత్త మేజోళ్లు పంపింది. తానూ ఒక తల్లి కావాలని ఎంత ఉన్నా, మరచిపోతానేమోనన్న భయంతో కాలేదు. ఎవరికీ చెప్పనన్న ఆ కథను, అమ్మ ముక్కూ మొహం తెలియని మనిషి ముందు పరిచింది.

థోరా లేచి కోటు తీసుకుంది. ఇంటికి అమ్మ బస్సులో వస్తే వస్తుంది.

"అప్పుడు థోరా వయసెంత?"

"ఎనిమిది."

డాక్టరు గొంతు మెత్తబడింది. "ఒకటి చెబుతాను, వినండి. ఈ ఏకాగ్రత లోపం మిఠాయిలు తింటేనో, గారాబం చేస్తేనో వచ్చేది కాదు. ఎక్కువగా రక్తంలోనే దిగుతుంది. తల్లి నుంచో, తండ్రి నుంచో. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉండేదా?"

సూదుల చప్పుడు ఆగింది.

థోరా చెయ్యి కోటు చేతిలోకి సగందాకా వెళ్లి నిలిచిపోయింది. అమ్మ చేతులు ఊరుకోవడం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఇందాక నా పేరడిగారుగా, ఇప్పుడు రాసుకోండి డాక్టరమ్మా," అంది అమ్మ, "తమ్ముణ్ణి తెమ్మని ఆ పిల్లకు ఎవరూ చెప్పనే లేదు, వెళ్లవలసింది, మరచిపోయింది, నేను... సిగ్రున్."