ఆ రోజు అమ్మకు మతి లేదు

"ఆ రోజు మా అమ్మకు మతి లేదండీ," అన్నాడు అన్నయ్య బోనులో నిలబడి.

వెనక బెంచీ మీద కూర్చున్న చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. మతి లేనిది అమ్మకా? నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి, ఊళ్ళో సగం మంది నడుము కొలతలు పుస్తకం చూడకుండా చెప్పిన మనిషికా? చివరి రోజుల్లో కూడా సూదిలో దారం తనే ఎక్కించుకున్న అమ్మకు మతి లేదట. కన్నకొడుక్కి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో.

అమ్మ బతికుండగానే ఆస్తి పంచింది. ఇల్లు కొడుక్కి, కుట్టు కొట్టు కూతురికి. ఒకరి కొలతలు ఇంకొకరికి చూపించే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. అందుకే ఎవరి దస్తావేజు వాళ్ళకు విడిగా కవర్లో పెట్టి ఇచ్చింది. అవతలివాళ్ళ కాగితం అడగకూడదని ఇద్దరిచేతా ఒట్టు కూడా వేయించుకుంది. అన్నయ్య తన కవరు విప్పి, ఇంటి హద్దులు సరిచూసుకుని, బీరువాలో పడేశాడు. అమ్మ పోయి ఏడాది తిరగకముందే ఆ ఒట్టు గట్టున పెట్టి, చెల్లెలి కొట్టు పత్రం నకలు తీయించి, సంతకం పెట్టిన రోజు అమ్మకు మతి లేదు కాబట్టి అది చెల్లదని కేసు వేశాడు. ఆ కొట్టే చెల్లెలి కుటుంబానికి తిండి పెడుతోంది. అది పోతే రెండు మిషన్లతో రోడ్డున పడాల్సిందే.

"మతి లేదని ఎలా చెప్పగలరు?" అడిగాడు అన్నయ్య తరఫు ప్లీడరు.

"నన్ను చూసి మా నాన్న అనుకుందండీ. కాఫీలో ఉప్పు వేసింది. చెప్పులు లేకుండా వీధిలోకి నడిచింది."

అంతకుముందే వదిన కూడా ఇదే పాఠం పొల్లు పోకుండా అప్పజెప్పి దిగింది.

చెల్లెలి ప్లీడరు లేచాడు. ఎక్కువ మాట్లాడడని కోర్టులో అందరూ ఆయన్ని మూగ ప్లీడరంటారు. మాట్లాడకపోయినా పనిమంతుడని ఎవరో చెబితే నమ్మి పెట్టుకుంది. ఇవాళైనా అన్నయ్యను ఉతికి ఆరేస్తాడని ముందుకు వంగి కూర్చుంది.

"ఆ రోజంటే ఏ వేళండీ? సంతకం చేసేటప్పుడేనా?" అడిగాడు ఆయన మెల్లగా.

"పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా."

"మధ్యలో కాసేపైనా తెలివిగా..."

"ఒక్క నిమిషం కూడా లేదండీ. దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నా."

"అంటే ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టేసే స్థితి."

"అదేనండీ నా బాధ. ఏది ఇచ్చినా పెట్టేసేది."

"చాలండీ," అని ఆయన కూర్చున్నాడు.

టైపు చేసిన వాంగ్మూలం మీద అన్నయ్య తీరిగ్గా సంతకం పెట్టి, చెల్లెలి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

వరండాలోకి రాగానే చెల్లెలు ప్లీడరుకు అడ్డంగా నిలబడింది.

"ఏం ప్లీడరండీ మీరు? మా అన్నయ్య నాకు తవ్విన గొయ్యి చాల్లేదని ఇంకో రెండడుగులు లోతు చేసి వచ్చారు."

"మెల్లగా అమ్మా."

"మెల్లగా ఏంటి? మా అమ్మని నలుగురిలో పిచ్చిదాన్ని చేస్తుంటే దగ్గరుండి సాయం పట్టారు. కాఫీలో ఉప్పేసిందట. అసలు మా వదిన అమ్మని వంటింట్లో అడుగు పెట్టనిస్తేగా? అది అడగొచ్చుగా?"

"అడగొచ్చు."

"చెప్పుల్లేకుండా నడిచిందట. మా అమ్మ చెప్పులేసుకున్నదే తక్కువ. అదైనా అడగొచ్చుగా?"

"అదీ అడగొచ్చు."

"మరి నోట్లో బెల్లం పెట్టుకు కూర్చున్నారే? అవతలివాళ్ళు మిమ్మల్ని కొనేశారా?"

అటు వెళ్ళే గుమాస్తాలు ఆగి చూశారు. ఆమెకు లెక్కలేదు. కొట్టు పోతుందన్న భయం కన్నా, అమ్మ పోయాక కూడా ఇన్ని మాటలు పడుతోందన్న ఉక్రోషమే ఎక్కువగా ఉంది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నా ఫైలు నాకిచ్చేయండి. ఇంకెవరినైనా చూసుకుంటా."

"ఇస్తానమ్మా. మీ అన్నయ్య సంతకం పడాలని ఆగాను, పడింది."

"దానికీ నా ఫైలుకీ ఏంటి సంబంధం?"

"మొన్న నేను మీకో సంగతి చెప్పాను. ఆ సాయంత్రమే మీరు వాళ్ళ గుమ్మం ముందు నిలబడి వీధంతా వినేలా చెప్పొచ్చారు. గుర్తుందా?"

నిజమే మరి, తన నోరు ఒకచోట ఊరుకునేది కాదు.

"అందుకే ఇది మీకు ముందు చూపించలేదు," అంటూ ఆయన ఫైల్లోంచి ఒక నకలు తీసి ఇచ్చాడు. "పోయిన వారమే రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకున్నాను. చదవండి."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీ చివర ఆమె వేలు ఆగిపోయింది.

అన్నయ్యకు ఇల్లు రాసిచ్చిన పత్రం మీదా అమ్మ ఆ రోజే సంతకం పెట్టింది.