ఎడమ మూల బాణం

“జ్వరమున్న పిల్లను మేం తీసుకోమమ్మా. మిగతా తల్లులు ఊరుకుంటారా?” అంది పిల్లల్ని చూసుకునే కేంద్రం ఆవిడ, తలుపు సగమే తెరిచి.

చంకలో పిల్ల ఒళ్లు కాలిపోతోంది. పది గంటలకు ఇంటర్వ్యూ. మొగుడు లారీ మీద ఏ ఊళ్లో ఉన్నాడో, ఫోన్ కలవడం లేదు. ఆమె ఇంటి దారి పట్టింది. ఈ పిలుపు మళ్లీ రాదు. డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్లను ఏ ఆఫీసు గడప తొక్కనిస్తుంది?

ఈ ఆఫీసువాళ్లు సర్టిఫికెట్ అడగకుండా పిలిచారంటే అదంతా సోమవారాల పుణ్యమే. కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో తెర నొక్కుకుంటూ నేర్చుకునే పాఠాలుంటాయి. అవి తయారుచేయడం ఆమె సొంతంగా నేర్చుకున్న పని. ఆ పని చేసేవాళ్లంతా చేరిన ఒక వెబ్‌సైటులో ప్రతి సోమవారం ఒక సవాలు పెడతారు. ఒక వారం రెండే రంగులతో పాఠం చేయమంటారు. ఇంకో వారం ఒక్క అక్షరం కూడా వాడకుండా మెట్లు జాగ్రత్తగా దిగడం నేర్పమంటారు. బహుమతీ లేదు, మార్కులూ లేవు. అయినా పిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఆమె ఒక్క వారం మానలేదు. పిల్ల నిద్రపోతే రెండు చేతులతో, లేస్తే ఒంటిచేత్తో. సొంత పేరు పెట్టుకోవడానికి జంకి, ఎదురుగా కనిపించిన ‘ఉప్పుడబ్బా’ను పేరుగా పెట్టుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తనకే చదువు అబ్బలేదు, ఊరందరికీ పాఠాలు చెబుతుందట అని నవ్వుతారని భయం.

ఆ సైటులో ‘గోరింక’ అని ఒకావిడ ఉంది. పనిలో దిట్ట, నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. ఉప్పుడబ్బా ఏం పెట్టినా మొట్టమొదట వచ్చి వాలేది ఆవిడే. ‘బటన్లు బోలెడు, పాఠం చారెడు’ అని ఒకసారి. ‘ముందుకు వెళ్లే బాణం అందరూ కుడి మూలన పెడతారు. మీరొక్కరే ఎడమ మూలన పెట్టారు. ఇదేమైనా వెనక్కి నడిచే బడా?’ అని ఇంకోసారి.

ఆ రోజు ఆమెకు ఏడుపొచ్చింది. తర్వాత చూసుకుంటే నిజమే. పిల్ల ఎప్పుడూ కుడి చంకలో ఉంటుంది. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, ఆ బొటనవేలికి అందేచోట బాణం పెట్టడం తనకు తెలియకుండానే అలవాటైపోయింది. గోరింక నోరు మూయించాలన్న పంతంతో దిద్దుకుంటూ వచ్చింది, పని పదునెక్కింది. ఆదమరిస్తే మాత్రం బాణం మళ్లీ ఎడమకే పోయేది, గోరింక మళ్లీ పొడిచేది. మెట్ల పాఠానికి ఆమె తమ ఇంటి మెట్లనే గీసింది, అంచు విరిగిన మెట్టుతో సహా. ఆ ఒక్క వారం గోరింక ఎందుకో నోరెత్తలేదు.

ఇక మిగిలిన దిక్కు పైవాటాలో ఉండే తోడికోడలు. అడగాలంటే మొహమాటం. ఆవిడకు ఎప్పుడు చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోన్. సీరియళ్ల పిచ్చి అని ఇంట్లో అందరూ అనేమాటే.

విరిగిన మెట్టు దాటి పైకి వెళ్లేసరికి ఆవిడ ఇస్త్రీ నలగని బట్టల్లో, చెప్పులు వేసుకుని, తలుపుకు తాళం పెట్టబోతోంది.

“బయల్దేరినట్టున్నారు అక్కా.”

“బ్యాంకుకి. పిల్లకేమైంది?”

జ్వరం సంగతీ, కేంద్రంవాళ్లు వద్దన్న సంగతీ చెప్పి, నీళ్లు నములుతూ ఇంటర్వ్యూ మాట కూడా చెప్పింది.

“ఇంటర్వ్యూనా? ఎక్కడ?”

“స్టేషన్ ఎదురుగా ఆఫీసులో, పదింటికి. ముందే చెప్పలేదని ఏమీ అనుకోకండి.”

తోడికోడలు తాళం పక్కన పెట్టింది. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత చెప్పులు విప్పేసింది.

“ఇలా ఇవ్వు. మందు ఎంత పొయ్యాలో చెప్పి పరుగెత్తు. ముందు ఆ మొహం కడుక్కో. ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టు లేదు, పోలీసులకు లొంగిపోవడానికి వెళ్తున్నట్టుంది.”

ఆఫీసులో పరీక్ష పెట్టారు. మంటలార్పే సిలిండర్ వాడడం ఎలాగో నేర్పే చిన్న పాఠం గంటలో చేసివ్వాలి. గుండె ఇంటి దగ్గరే ఉంది. చేతులకు మాత్రం సోమవారాలన్నీ గుర్తున్నాయి. అక్షరాలు తగ్గించింది, రంగులు రెండింటితో సరిపెట్టింది. చివర్లో చూసుకుంటే బాణం ఎడమ మూలన కూర్చుని ఉంది. గోరింక మాట చెవిలో గింగుర్లెత్తింది. గభాల్న కుడి మూలకు లాగేసింది.

మేనేజరమ్మ పాఠాన్ని రెండుసార్లు నొక్కి చూసింది.

“మీ పాత పనులన్నీ వరసగా చూశాను. మొదట్లోవి, ఏమీ అనుకోకండి, బాగాలేవు. తర్వాత ప్రతి వారం ఇంత చొప్పున బాగుపడ్డాయి. నాకు కావలసింది ఆ గుణమే. సోమవారం నుంచి రండి.”

ఫైలు మూస్తూ ఇంకో మాట కూడా చెప్పింది. ఖాళీ ఒక్కటేనట. గోరింకను కూడా పిలిచారట, ఆవిడ వచ్చి ఉంటే ఈ కుర్చీ ఆవిడదేనట. రాలేనని పొద్దున కబురు పెట్టిందట. ఇంకా పెద్ద ఆఫీసేదో ఎగరేసుకుపోయి ఉంటుందనుకుంది ఆమె. గండం తప్పిందని ఊపిరి పీల్చుకుంది. ఒక్కసారి ఆ మొహం చూసి, నీ తిట్ల వల్లే ఇంతదాన్నయ్యానని చెబుదామన్న కోరిక మాత్రం తీరలేదు.

ఇంటికొచ్చేసరికి పిల్లకు ఒళ్లు చల్లబడింది. పెద్దమ్మ భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆవిడ ఇస్త్రీ బట్టల మీద గులాబీరంగు మందు మరక, అరచేయంత.

“ఉద్యోగం వచ్చిందక్కా. మీ బ్యాంకు పనే పాడుచేశాను.”

“బ్యాంకు ఎక్కడికి పోతుందిలే.”

ఆవిడ పిల్లను లేవకుండా ఆమె కుడి చంకలోకి మెల్లగా మార్చింది. చెదిరిన జుట్టు సర్దుకుంటూ గొంతు తగ్గించి అడిగింది.

“ఈసారైనా బాణం కుడి మూలన పెట్టావా?”