గుమ్మం పక్క కుర్చీ

"ఆయా, కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టవా?"

అఖిల గొంతులో అధికారం ఉంది. సీటే ఇంకా రాలేదు.

చీరాలలో ఆ మేడ మీద, ఏదో కంపెనీ వాళ్ల ఖర్చుతో, ఉద్యోగం లేని డిగ్రీ వాళ్లకు ఉచిత శిక్షణ ఇస్తున్నారు. కంప్యూటరు, ఇంగ్లీషు, చివర్లో ఉద్యోగం. సీట్లన్నీ నిండిపోయాయి.

"ఎవరైనా మానేస్తే ఆ సీటు నీదే. రోజూ వచ్చి కనిపిస్తూ ఉండు" అన్నారు పాఠం చెప్పే చైతన్యకృష్ణ సార్.

అందుకని అఖిల వేటపాలెం నుంచి రోజూ వచ్చి వరండాలో కూర్చుంటోంది. లోపల ఒకడు దగ్గితే చిన్న ఆశ. ఒకమ్మాయికి పెళ్లిచూపులట అంటే కొంచెం పెద్ద ఆశ.

సీటు రాకపోతే జీడిపప్పు కంపెనీయే. వాళ్లమ్మ వెంకటరావమ్మ అక్కడే జీడిగింజలు కొడుతుంది.

"ఈ నెలాఖరు దాకా చూస్తా. ఆ తర్వాత వచ్చి నా పక్కన పీటేసుకో" అని తేల్చి చెప్పేసింది ఆవిడ.

జీడి సొన తగిలి తగిలి ఆవిడ వేళ్లు నల్లగా, నున్నగా అయిపోయాయి. రేషన్ షాపులో మిషన్ వాటిని గుర్తుపట్టదు. బియ్యానికి అఖిలే వెళ్లాలి.

"ఇంట్లో పనికొచ్చే వేలు నీదొక్కటే. డిగ్రీ చదివించింది అందుకేగా" అంటుంది వెంకటరావమ్మ.

ఆయా నీళ్లు తెచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. ఎండకు తిరిగి తిరిగి నలభైలా కనిపిస్తుంది. దగ్గరికి రాగానే అఖిల తుమ్మింది.

"ఏంటి ఆయా, కారంలో పొర్లి వచ్చావా?"

"అద్దంకి పక్క మా ఊరమ్మా. మిరప కళ్లంలో తొడిమలు తీసే పని. ఏళ్ల నాటి ఘాటు, ఒక్క స్నానానికి పోద్దా?"

అందరికంటే ముందే వచ్చేస్తుంది ఆయా. గది ఊడుస్తుంది, బిందె నింపుతుంది. గోడకున్న హాజరు మిషన్‌ని కొంగుతో తుడుస్తుంది. తుడిచిందే తుడుస్తుంది.

"అరగదీస్తావా ఏంటి దాన్ని?" అంది అఖిల ఒకరోజు.

"అరిగింది అది కాదులేమ్మా" అని నవ్వింది ఆయా.

పాఠం మొదలవగానే వెళ్లి గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంటుంది. సరిగ్గా ఫ్యాన్ కింద. డిగ్రీ చదివిన తను వరండాలో, ఆయా ఫ్యాన్ కింద. అఖిలకు ఒళ్లు మండేది.

మధ్యాహ్నం మాత్రం టిఫిన్ బాక్సు పట్టుకుని ఆ ఆయానే వచ్చి పక్కన కూర్చునేది.

"ఇవాళ ఇంటర్వ్యూలో ఎట్టా కూర్చోవాలో చెప్పారమ్మా. ఏదీ, కూర్చో."

"నువ్వు నేర్పుతావా నాకు?"

"విన్నది చెబుతా. రేపు లోపలికొచ్చేదానివి, వెనకబడకూడదుగా."

అఖిల నవ్వాపుకుంటూ కూర్చుంది.

"నడుం నిటారుగా పెట్టు. చేతులు ఒళ్లో."

ఆయా ఆ చేతుల్ని చూసింది. బొటనవేలు పట్టుకుని, అప్పుడే విచ్చిన పత్తికాయను చూసినట్టు తిప్పి తిప్పి చూసింది.

"మంచి వేళ్లమ్మా. జీడి కంపెనీకి మాత్రం పోబాక."

"సీటు ఎవరిస్తారు, నువ్విస్తావా?"

ఆయా బాక్సులోంచి సగం పచ్చడన్నం తీసి మూతలో పెట్టి అఖిలకిచ్చింది.

ఒక సోమవారం సార్ వరండాలోకి వచ్చారు.

"రేపట్నుంచి లోపలికి రా అఖిలా. ఒకావిడకి హాజరు పడలేదు. ఎంత చెప్పినా వినకుండా పైవాళ్లు పేరు తీసేశారు."

ఆయన మొహంలో సంతోషం లేదు. దాన్ని గమనించేంత తీరిక అఖిలకు లేదు.

పరుగున వెళ్లేసరికి ఆయా మిషన్ దగ్గరే ఉంది, తుడుస్తూ.

"ఆయా, సీటొచ్చింది. ఎవరో మహాతల్లి రాకుండా ఎగ్గొట్టింది. ఎక్కడున్నా చల్లగా ఉండాలి."

ఆయా చెయ్యి మిషన్ మీదే ఆగిపోయింది.

"ఉంటుందిలేమ్మా" అంది. కొంగు చేతిలో ఉండగానే, ఉత్త చేత్తో కళ్లు తుడుచుకుంది.

"అయ్యో, మిరప చేతులు. కళ్లు మండవూ?"

"అలవాటేలే. బాగా చదువుకో."

మర్నాడు అఖిల వేలు పెట్టీ పెట్టగానే మిషన్ 'ధన్యవాదాలు' అంది. గుమ్మం పక్క కుర్చీ ఖాళీగా ఉందని సార్ అక్కడే కూర్చోమన్నారు. కూర్చోగానే తుమ్మొచ్చింది.

గది ఊడ్చి లేదు. బిందెలో నీళ్లు లేవు. ఆయాకిమ్మని అమ్మ కట్టిచ్చిన జీడిపప్పు బద్దల పొట్లం ఒళ్లోనే ఉంది.

"ఆయా రాలేదా సార్?"

"ఏ ఆయా?"

"అదే సార్, పొద్దున్నే వచ్చి ఊడ్చి, నీళ్లు పట్టి, మిషన్ తుడిచేది... మిరపకాయల ఘాటు..."

బోర్డు మీద రాస్తున్న సార్ చెయ్యి దించేశారు.

"మనకి ఆయా ఎవరూ లేరమ్మా" అన్నారు. "ఆవిడ పేరు రాజ్యం. కళ్లానికి పోతూనే బీకాం చదివింది. వయసు ప్రకారం ఇదే ఆఖరు అవకాశం. ఒక్కరోజు కూడా మానలేదు. తొడిమలు తీసి తీసి ఆ వేలు మీద గీతలే మిగల్లేదు, మిషన్ గుర్తుపట్టలేదు."

ఆయన అఖిల వైపు చూడకుండా మళ్లీ బోర్డు వైపు తిరిగారు.

"నువ్వు కూర్చుంది ఆవిడ కుర్చీలోనే."