కింద ఉండే ఆయప్ప

అలివేలు పరిశోధన పాడుబడిన బోరుబావుల మీద. వినేవాళ్ళకు బోరు, ఆమెకు బావి. ఏళ్ళ తరబడి అందులోంచి బయటపడలేదు. పేపర్లో లోతు లేదని గైడు రెండుసార్లు తిప్పి పంపాడు. బోర్ల మీద రాసినదానికి లోతు లేకపోవడమేమిటో! రేపటి సెమినార్ కూడా పోతే ఫెలోషిప్ గోవిందా.

అందుకే చీకటి పడ్డాక యూనివర్సిటీ సెమినార్ హాల్లో ఒక్కతే రిహార్సల్ వేస్తోంది. పేరుకు పబ్లిక్ పాలసీ హాలు, పబ్లిక్ మాత్రం నిల్లు.

వాచ్‌మన్ ఆవులప్ప తలుపు తోసి లోపలికి తొంగిచూశాడు.

"మేడం, కొంచెం గట్టిగా చెప్పాలంట. కింద ఉండే ఆయప్పకు వినపడలేదంట."

ఆ 'అంట' మొదట ఆమె చెవికి అంటలేదు. తర్వాత అంటుకుంది. కింద ఎవరున్నారని అడగబోయి ఆగింది. హాలు ఉన్నదే గ్రౌండ్ ఫ్లోర్లో. దాని కింద మట్టే.

"తమాషా చేస్తున్నారా ఆవులప్పా?"

"నేనెందుకు మేడం తమాషా చేసేది? ఆయప్ప చెప్పమన్నాడు, చెప్తా ఉండాను."

ఆమె ఫ్యాను ఆపింది. ఏ చప్పుడూ లేదు. ఏమీ తోచక గొంతు పెంచి చివరి స్లైడు చదివింది: "పాడుబడిన బోర్లన్నీ వెంటనే మూసేయాలి." పేపరు మొత్తంలో గైడు మెచ్చుకున్న వాక్యం అదొక్కటే.

కాళ్ళ కింద, గచ్చు లోపల, ఏదో సన్నగా గీకింది.

ఆవులప్ప తల వంచి శ్రద్ధగా విన్నాడు.

"ఆ మాటొకటి తీసేయమంటా ఉండాడు మేడం. మూసేస్తే తానెట్ల పైకొచ్చేదంట?"