అవ్వ నేర్పిన అల్లిక

“దొంగ నాయాళ్ళారా! ఎవుర్నడిగి నా ఫోటో ఈడ తగిలించినారు?”

హార్స్లీ హిల్స్ మీది రిసార్టు హాల్లో కాఫీ తాగుతున్నవాళ్ళంతా తలలు తిప్పారు. సోమల నుంచి బస్సులు మారి వచ్చిన మునెమ్మ, కొంగు నడుముకు చెక్కి, గోడమీది బోర్డుకేసి వేలు చూపిస్తోంది. బోర్డు మీద మనిషెత్తు ఫోటో ఆమెదే. దాని కింద పెద్ద అక్షరాలు: “మునెమ్మ అవ్వ చేతి నుంచి మనవరాలి చేతికి. తరతరాల అల్లిక.”

ఆ మనవరాలు మేఘన బోర్డు కిందే కూర్చుని ఉంది. ఒళ్ళో ఊలు ఉండ, చేతిలో కొక్కెం సూది. టూరిస్టుల కళ్ళముందు టోపీలూ సంచులూ అల్లడం, అడిగినవాళ్ళకు నేర్పడం ఆమె ఉద్యోగం. అవ్వను చూసి ఆమె మొహం పాలిపోయింది.

మేనేజర్ సుదర్శన్ పరుగెత్తుకొచ్చి ఇద్దర్నీ స్టోర్ రూంలోకి లాక్కుపోయి తలుపేశాడు.

“మెల్లగా మాట్లాడమ్మా. గెస్టులు ఉండారు.”

“ఉండనీ. నేనెప్పుడప్పా దీనికి అల్లిక నేర్పింది? నా బతుకులో నేను అల్లింది జడ ఒక్కటే! ఇది సెల్‌ఫోన్లో సూసి నేర్చుకునింది. ఆ సెల్‌ఫోను ఫోటో పెట్టుకో గోడకి!”

“ఫోన్లో నేర్చుకునిందంటే ఎవురు కొంటారమ్మా? అవ్వ నేర్పిందంటే ఎగబడి కొంటారు.”

“అందుకని నా మొకం అమ్ముకుంటారా? బోర్డు పీకు ముందు!”

అంతలో తలుపు తోసుకుని ఒకామె లోపలికి తొంగి చూసింది. బెంగుళూరు నుంచి వచ్చిన గెస్టు. రిసార్టులో పెద్ద గది ఆమెదే.

“ఈమేనా ఆ అజ్జి, బోర్డు మీది అవ్వ? అయ్యో, ఫోటోలో కన్నా బాగున్నారు! నేను ఈమె దగ్గరే నేర్చుకుంటాను, మేఘన వద్దు.”

“తప్పకుండా మేడమ్,” అన్నాడు సుదర్శన్ వంగిపోతూ. “అవ్వ కాఫీ తాగి వస్తారు.”

ఆమె వెళ్ళగానే మునెమ్మ మళ్ళీ నోరు తెరవబోయింది. మేఘన ఆమె చెయ్యి పట్టుకుంది.

“అవ్వా, ఇది అబద్దమని ఆయమ్మకు తెలిస్తే ముందు తరిమేది నన్నే. మళ్ళా మదనపల్లె మండీకి పోయి టమోటాలు ఏరుకోవాల్సిందే.”

మండీలో కుళ్ళిన టమోటాల మధ్య రోజంతా వంగి నిలబడ్డ మనవరాలి నడుము ఎలా ఉండేదో మునెమ్మకు తెలుసు. రాత్రులు నూనె రాసింది తనే.

“యాడుండాది ఆ సూది? ఇట్ల తే.”

మేఘన ఉల్లిగడ్డల మూట మీద అవ్వను కూర్చోబెట్టింది. తరతరాల అల్లిక అక్కడే, అప్పుడే పుట్టింది.

“దారం మెలిపెట్టు. కొక్కెం దూర్చు. దారాన్ని పట్టి ఇవతలికి లాగు. అట్ల పీకాకు అవ్వా, అది గడ్డి గాదు!”

“ఏమో మే, నా చేతికి కలుపు పీకేదే వచ్చు. ఇంకోసారి సూపీ.”

ఇంకోసారి చూపించింది. మరోసారి చూపించింది. అవ్వ నుదుటి మీద చెమట పట్టింది. నాలుగు కుట్లు పడితే రెండు జారిపోతున్నాయి. అలాగే సుదర్శన్ ఆమెను హాల్లోకి తీసుకుపోయి బోర్డు కింద కూర్చోబెట్టాడు.

బెంగుళూరు మేడమ్ ఎదురుగా బాసింపట్టు వేసుకుంది. మునెమ్మ అల్లింది ఒకవైపు బిగుసుకుపోయింది, ఒకవైపు వేలాడింది. మధ్యలో ఎలుక కొరికినట్టు చిల్లులు. ఆమె చేసిన తప్పునల్లా మేడమ్ శ్రద్ధగా చూసి, అదే తప్పు తనూ చేసింది. చుట్టూ జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి.

మునెమ్మకు తల కొట్టేసినట్టయింది. “ఇది అల్లిక గాదమ్మా, ఉత్త సిక్కు. మా పాప అల్లింది సూడు, ఎంత సక్కంగా ఉండాదో.”

“చూశారా, ఎంత వినయమో!” మేడమ్ కళ్ళు చెమర్చాయి. మేఘన అల్లిన టోపీని వేలి కొసతో పక్కకు నెట్టింది. “ఇది అంగడి సరుకులా ఉంది. మెషిన్ చేసినట్టు. అసలైన చేతిపని ఇదీ!”

ఆ చిల్లుల చిక్కును ఆమె అప్పటికప్పుడే కొనేసింది. నాకొకటి అంటే నాకొకటి అన్నారు మిగతావాళ్ళు. మేఘన టోపీలను ముట్టుకున్నవాళ్ళు లేరు.

జనం కాఫీ బల్లల దగ్గరికి తిరిగి పోగానే సుదర్శన్ చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

“మునెమ్మవ్వా, రేపటి నుంచి మీరే ఈడ కూర్చోండి. రూము, తిండి మావే.”

“మరి మా పాప?”

“ఇద్దరెందుకవ్వా? విన్నారు గదా, ఆ పాపది మెషిన్ సరుకంట. మేఘనా, ఊలు బుట్ట మీ అవ్వకిచ్చి, సాయంత్రం బస్సుకు ఎల్లిపో.”

మేఘన బుట్ట కింద పెట్టింది. చేతి వెనకతో కళ్ళు ఒత్తుకుంది.

సుదర్శన్ పోబోతూ ఆగి, మునెమ్మ చెవి దగ్గర గొంతు తగ్గించాడు. “ఇంకొక్క మాట. ఇంతకన్నా బాగా అల్లొద్దు. మీకు పని వచ్చిందంటే మాకు మీతో పని లేదు.”

మునెమ్మ అతన్ని కిందికీ పైకీ చూసింది. హాల్లో అందరి ముందూ మనవరాలి రెక్క పట్టి పక్కన కూర్చోబెట్టింది. ఊలు ఉండ తీసి ఆమె ఒళ్ళో పడేసింది.

“ఏడ్సింది సాలు మే. ఒక్క కుట్టు తప్పకుండా మెషిన్ మాదిరి అల్లేది నాకు నేర్పు. ఇప్పుడే, ఈడనే!”