గుడ్డ కట్టిన వేలు

రండి, ఇలా దగ్గరికి జరిగి కూచోండి. ఆ వెనక గుసగుసలు ఆపేస్తే మొదలెడతాను. ఫోన్లు కూడా బోర్లా పెట్టండి. ఈ కథలో మోగేది ఒకటుంది, దానికి పోటీ వద్దు.

ఒక బట్టలుతికే కార్ఖానా. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువాళ్లు గుట్టలుగా వచ్చి పడతాయి. ఆరబెట్టడానికి ఇనప తలుపున్న పెద్ద గది. తడిసి లోపలికెళ్లిన దుప్పటి బయటికొచ్చేసరికి రేకులా నిలబడి నడిచేది. అంత వేడి.

ఆ తలుపు కంప్యూటరే మూయాలి. ఆ ప్రోగ్రాం రాయడానికి వచ్చిన అమ్మాయిని అందరూ పెట్టెలమ్మాయి అనేవారు. ఆమె తెర మీద పెట్టెలు లేపేది మరి. ఠింగుమని ఒక చిన్న పెట్టె లేస్తుంది. ఒక ప్రశ్న, కింద రెండు బటన్లు. జవాబు చెప్పేదాకా తెర మీద ఇంకే పనీ సాగదు.

తలుపు పెట్టె అడిగేది ఇది: "లోపల ఎవరైనా ఉన్నారేమో చూశారా?"

"చూశాను" నొక్కితే తలుపు మూసుకుంటుంది. "చూడలేదు" నొక్కితే ఆగుతుంది.

యజమానికి అది నచ్చలేదు.

"ప్రతిసారీ ఈ ప్రశ్నేంటమ్మా, అత్తగారి ఆరాలాగా. తీసెయ్."

"తీయకూడదు సార్. త్వరగా పోయేలా చేస్తాను."

చేసింది. పెట్టె ఎప్పుడూ ఒకే చోట లేస్తుంది. "చూశాను" ముందే సిద్ధంగా ఉంటుంది, ఎంటర్ కొడితే చాలు. మిషన్ దగ్గర కూచునే అతన్ని తుపాకీ అంటారు. ఠింగుమనడం పూర్తి కాకముందే అతని వేలు పేలేది.

"కన్ను అక్కర్లేదు, వేలు చాలు," అని మురిసిపోయింది పెట్టెలమ్మాయి.

ఆ మాటకు బెంచీ మీదున్న పెద్దాయన తలెత్తాడు.

ఆయనెవరో ఎవరికీ తెలియదు. రోజూ మధ్యాహ్నం ఒకే ఒక్క దుప్పటి పట్టుకుని వస్తాడు. ఉతికిందే మళ్లీ తెస్తున్నాడని ఇస్త్రీ అతని అనుమానం. అది ఆరేదాకా ఆ తెరకేసే చూస్తూ కూచుంటాడు. కుడిచేతి చూపుడు వేలికి ఎప్పుడూ గుడ్డ కట్టి ఉంటుంది. నీళ్ల గ్లాసు పట్టుకున్నా ఆ వేలు పక్కకే.

"అమ్మాయీ, ఆ పెట్టెకి జవాబు ఇక్కడ పెట్టకు."

"మరెక్కడ పెట్టమంటారు బాబాయ్?"

"గది లోపల, చివరి గోడకి ఒక బటన్ పెట్టించు. వెళ్లి నొక్కి వస్తేగానీ తలుపు కదలకూడదు."

"ప్రతిసారీ అంత దూరం నడవాలా?" అన్నాడు తుపాకీ. "నా మోకాళ్లకి జీతం మీరిస్తారా పెద్దాయనా?"

"వేలికి అలవాటైతే ఇక అది నీ మాట వినదు నాయనా."

"మీది వింటుందిగా. తలపాగా కూడా చుట్టారు."

అందరూ నవ్వారు. పెట్టెలమ్మాయీ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఇంకా ఎవరూ ఇరుక్కోలేదు కదా," అన్నాడు మెల్లగా.

ఆ "ఇంకా" ఆమెకు నచ్చలేదు. ఇంటికెళ్లాక కూడా చెవిలోంచి పోలేదు. మర్నాడు యజమానితో అనేసింది, ఆ పెద్దాయన మాటలకి పనివాళ్లు బెదిరిపోతున్నారని.

బెంచీ తీసేశారు. ఆయన మాత్రం రావడం మానలేదు. గేటు అవతల, మడత పెట్టిన దుప్పటి చంకలో పెట్టుకుని నిలబడేవాడు. అక్కడినుంచి ఇనప తలుపు కనిపిస్తుంది.

కొన్నాళ్లకి ఆ గదిలో దీపం వెలగడం మానేసింది. చూసొద్దామని పెట్టెలమ్మాయి లోపలికెళ్లింది. తుపాకీ టీకి వెళ్లాడు. చిటికెలో వచ్చేస్తాను కదా అని ఎవరికీ చెప్పలేదు.

దుప్పట్లు కదలకుండా వేలాడుతున్నాయి, నోరు మూసుకున్న మనుషులు వరసలో నిలబడ్డట్టు. వాటి వెనక్కి వెళ్లి దీపం మీద చెయ్యి వేసింది.

ఠింగ్.

తన పెట్టె గొంతు ఆమెకు తెలుసు. అది ఏమడుగుతోందో తెలుసు. టీ తాగి తిరిగొచ్చిన తుపాకీ వేలు దానికిచ్చే జవాబూ తెలుసు.

"తుపాకీ, ఆగు," అని అరిచింది. ఆ అరుపుని దుప్పట్లు తాగేశాయి.

తలుపు కదిలింది. ఆమె పరిగెత్తుకొచ్చేసరికి జానెడు సందు మిగిలింది. ఆ సందులోకి బయటినుంచి ఒక భుజం దూరింది.

గేటు కావలివాడు ఇవాళ్టికీ ఒట్టేసి చెబుతాడు, ఆయన గేటు దూకలేదు, గేటే భయపడి పక్కకి తప్పుకుందని.

తలుపు ఆయన వీపు బలానికి మూలిగి, మూరెడు వెనక్కి జరిగింది.

"నా చంక కిందనుంచి పో తల్లీ."

ఆమె పోయింది. తలుపు ఆయన్ని పోనివ్వలేదు.

ఆసుపత్రికి చేర్చేసరికే ఆయన లేడు. నర్సు ఆ వేలి గుడ్డ విప్పి చూసింది. పుండు లేదు, మచ్చ లేదు. వేలు నిక్షేపంగా ఉంది, ఎండ ఎరగక పసిబిడ్డ వేలిలా పాలిపోయి.

ఆయన జేబులో దొరికిన నంబరుకి కబురు చేస్తే ఒకావిడ వచ్చింది. కార్ఖానా జనమంతా ఆయన్ని పడుకోబెట్టిన వరండాలోనే ఉన్నారు.

"ఆయన మీకేమవుతారమ్మా?" అని అడిగింది పెట్టెలమ్మాయి.

"మా బావగారు. మా ఆయనకి సొంత అన్న."

ఆవిడ ఆ వేలిని చీర చెంగుతో తుడిచింది.

"ఇలాంటి కార్ఖానాలోనే అన్నదమ్ములిద్దరూ పనిచేసేవాళ్లు. అక్కడా ఇలాంటి పెట్టే. ఒకరోజు ఠింగుమంది, ఈయన చూడకుండానే చూశానని నొక్కేశాడు. లోపలున్నది మా ఆయన. ఆ పూటే ఈ వేలికి గుడ్డ కట్టాడు, ఇంక దీన్ని దేన్నీ నొక్కనివ్వనని."

పెట్టెలమ్మాయి కళ్లు మూసుకుని మనసులో ఆ గది చివరి గోడ దాకా నడిచింది. అక్కడ బటన్ లేదు.

ఇస్త్రీ అతను గొంతు సవరించుకున్నాడు.

"అన్నేళ్లూ అదే గుడ్డా అమ్మా? దుప్పటితో పాటు ఇచ్చుంటే అదీ ఊరికే ఉతికిపెట్టేవాళ్లం కదా."