సెట్టులో ఆడగొంతు

"అన్నం వండి కూర్చున్నాను. ఎప్పటికి వస్తావు?"

రేకుల షెడ్డు లోపలి నుంచి ఆడగొంతు. అదీ ఈ తమిళ సీమలో, తెలుగులో. క్యారియర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చిన మూకాయి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. లోపల ఆమె మొగుడు వీరన్ ఒక్కడే ఉన్నాడు. రేడియో సెట్టు ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చెవి అప్పగించి, ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

వత్తల్‌మలై కొండదారి ఇరుకు. మలుపుల్లో రెండు లారీలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. సెల్‌ఫోను అక్కడ పలకదు. అందుకని రోడ్డు కాంట్రాక్టరు కొండ మీదొకటి, కిందొకటి రేడియో సెట్లు పెట్టించి, కింది సెట్టు దగ్గర వీరన్‌ను కూర్చోబెట్టాడు. పైన కూర్చునేది తమిళ్‌సెల్వన్. వాడికి తెలుగు ఒక్క ముక్క రాదు.

"ఎవురది?" అంది మూకాయి.

వీరన్ ఉలిక్కిపడ్డాడు. "ఎవురో. నాకు తెలీదు."

"తెలీకుండానే నీకు అన్నం వండి పెట్టిందా?"

"నాకు కాదు మే. ఎండాకాలం మధ్యాన్నం కొన్ని దినాలు ఇట్లే దూరం గొంతులు వచ్చి పడతాయి. ఆకాశానికి తగిలి తిరిగొస్తాయంట. ఇంజినీరు సారు చెప్పినాడు. మన మాట కదా అని చుమ్మా వింటా ఉండాను, అంతే."

మూకాయికి ఒళ్లు మండిపోయింది. తెలుగేమైనా ఆకాశంలో కాస్తుందా? ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బుద్ధెరిగిన నాటి నుంచి ఆమెకు తెలిసిన లోకం అదే. తెలుగు మాట్లాడిందంటే సోగత్తూరులో తమ వీధి మనిషైనా అయ్యుండాలి, పాలకోడు చుట్టాల్లో ఒకతైనా అయ్యుండాలి. వరసపెట్టి ఒక్కొక్కరి గొంతూ గుర్తు చేసుకుంది. ఏదీ కలవలేదు. అంటే గొంతు మార్చి, తమిళం తగలకుండా నాజూకుగా పలుకుతోందన్నమాట. ఇంకెవరు, తమ వీధి కనిమొళే. మొన్న కొళాయి దగ్గర, వీరన్ పని దిగి ఎప్పుడొస్తాడని అడిగింది కూడా.

"దూరమంట, దూరం," అంది. "రెండిళ్ల అవతలుండే కనిమొళి నీకు అంత దూరమా?"

"సత్తియంగా నాకేమీ తెలీదు మే."

సెట్టు మళ్లీ గరగరలాడింది. "పలకవేం? పొద్దుటి నుంచీ పిలుస్తున్నాను. నా మీద కోపమా?"

వీరన్ తల దించుకున్నాడు. అది చూసి మూకాయికి, ఇన్నేళ్ల కాపురం ఈ డబ్బాపాలయిందా అని ఏడుపొచ్చింది. క్యారియర్‌ను ఠక్కున బల్ల మీద పెట్టింది.

"ఇది ఇప్పుడే తేలాల. లేదంటే పాలకోడు బస్సెక్కి మా అమ్మింటికి పోతా. మళ్లా రాను. యాడ నొక్కి మాట్లాడాల?"

"వద్దు మే. కాంట్రాక్టరుకు తెలిస్తే నా పని పోతాది."

"పని పోతాదో, గుట్టు పోతాదో," అని మైకు లాక్కుని, వీరన్ రోజూ నొక్కే మీట తనే వెతికి నొక్కింది మూకాయి.

"ఇదో చూడు. నువ్వు పిలిచే మనిషి నా పక్కనే కూచోనుండాడు. నేను చేసిన సంగటే తింటాడు. రాత్రికి నా దగ్గిరే పండుకుంటాడు. ఇంకొకసారి పిలిచినావంటే మర్యాద దక్కదు."

మీట వదిలింది. సెట్టు గరగరలాడింది. దొరికిపోయాక ఏం పలుకుతుందిలే అనుకుంటూ మూకాయి మొగుడి వైపు గెలిచినట్టు చూసింది. వీరన్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు సెట్టు బద్దలయ్యేలా ఒక ఏడుపు వినిపించింది. "ఎవత్తివే నువ్వు? నడిసముద్రంలో నా మొగుడి పడవ ఎలా ఎక్కావే?"